నల్లరేగడి మీద నడిచేవాళ్ళ సంచి

వారాంతం దగ్గర పడుతోందంటే సాఫ్ట్‌వేరు ఆఫీసుల్లో ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. ఒక్క పూటలో కొండెక్కి దిగి రావడానికి సంచిలో ఏమేం పెట్టుకోవాలీ అని. ఎవరు పంపినా అటూ ఇటూగా అవే పది వస్తువులు: పటం, దిక్సూచి, చలవ కళ్ళద్దాలు, అదనపు బట్టలు, టార్చిలైటు, ప్రథమ చికిత్స సామాను, నిప్పు రాజేసే సరంజామా, అగ్గిపెట్టె, కత్తి, అదనపు తిండి. కొండవీడు ఎక్కినా ఇదే, నల్లమల అంచుల్లో నడిచినా ఇదే. ఈ పదీ మనకి ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని అడిగేవాళ్ళు తక్కువ. ఎప్పుడో ఎవరో కాపీ చేసి పెట్టిన కోడు లాంటిదన్నమాట. నడుస్తున్నంత కాలం ఎవరూ విప్పి చూడరు.

సరే, విప్పి చూద్దాం. అమెరికాలో సియాటిల్ నగరంలో 1906లో పుట్టిన పర్వతారోహకుల సంఘం ఒకటుంది, పేరు 'ది మౌంటెనీర్స్'. 1930లలో వాళ్ళు కొత్తవాళ్ళకి కొండలెక్కడం నేర్పుతూ తయారు చేసుకున్న జాబితా ఇది. వాళ్ళ పాఠ్యపుస్తకం 'మౌంటెనీరింగ్: ది ఫ్రీడమ్ ఆఫ్ ది హిల్స్' మూడో ముద్రణలో, 1974లో, 'టెన్ ఎసెన్షియల్స్' అన్న పేరుతో అచ్చయ్యింది. దాని వెనక ఉన్న ప్రశ్నలు రెండే: ఏదైనా ప్రమాదం జరిగితే తట్టుకోగలవా? అనుకోకుండా రాత్రంతా బయటే ఉండిపోవాల్సి వస్తే ప్రాణంతో ఉంటావా? చాలా మంచి ప్రశ్నలు. ఎక్కడివాళ్ళైనా వేసుకోవలసినవే.

కానీ జవాబులు మాత్రం సియాటిల్ జవాబులు. అక్కడి కొండలంటే మంచు, వాన, చలి. రాత్రి చిక్కుకుపోయినవాణ్ణి చంపేది చలి. అందుకే అదనపు బట్టలు, అందుకే నిప్పుకి ఒకటి కాదు రెండు వస్తువులు. ఇప్పుడు పైన చెప్పిన పదినీ ఇంకోసారి చదవండి. ఒకటి లేదు, గమనించారా? నీళ్ళు!

నీళ్ళు అక్కర్లేదని వాళ్ళు అనుకున్నారని కాదు, ఆ కొండల్లో అడుగడుగునా వాగులూ మంచూ ఉంటాయి కాబట్టి దాన్ని విడిగా చెప్పాలని తోచలేదేమో అని నా ఊహ. 2003లో వచ్చిన ఏడో ముద్రణలో ఆ పదినీ వస్తువులుగా కాక అవసరాలుగా తిరగరాశారు. అప్పుడు గానీ నీళ్ళకి ఒక వరస దక్కలేదు.

ఇప్పుడు సియాటిల్ వదిలి మన కృష్ణ ఒడ్డుకి వద్దాం. అమరావతి, పాత పేరు ధాన్యకటకం. ఇక్కడ మహాస్తూపం వెలుగుతున్న రోజుల్లో ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళేవాళ్ళూ, ఇక్కడికి నడిచి వచ్చేవాళ్ళూ బౌద్ధ భిక్షువులు. నడకే వాళ్ళ జీవితం. వాళ్ళకీ ఒక జాబితా ఉండేది. పాళీ సంప్రదాయంలో దాన్ని 'అట్ఠ పరిక్ఖారా' అంటారు, అంటే ఎనిమిది సామాన్లు. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్ళు వడకట్టే గుడ్డ. అంతే. ఒక మనిషి ఆస్తంతా అదే, ప్రయాణపు సంచీ అదే.

ఎంత పొదుపుగా ఉందో చూడండి. మూడు బట్టల్లో ఒకటి కట్టుకునేది, ఒకటి పైన వేసుకునేది, ఇంకొకటి చలికి కప్పుకునే దళసరిది. బట్ట చిరిగితే సూది ఉంది. పాత్ర ఉందంటే దారిలో ఊళ్ళు ఉన్నాయని, ఆ ఊళ్ళలో అన్నం పెట్టే చేతులు ఉన్నాయని అర్థం. మా భాషలో చెప్పాలంటే ఇది డిపెండెన్సీ. ఆ ఊళ్ళు లేకపోతే ఈ జాబితా నడవదు. అమరావతి శిల్పాల్లో ప్రసిద్ధమైన ఒక గుండ్రటి ఫలకం ఉంది, ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంటుంది. అందులో దేవతలు బుద్ధుడి భిక్షాపాత్రని ఆడుతూ పాడుతూ స్వర్గానికి మోసుకుపోతుంటారు. నడిచేవాడి సంచిలోని ఒక వస్తువుకి అంత గౌరవం! ఆ స్తూపానికి పలకలు చెక్కించి ఇచ్చినవాళ్ళలో మామూలు పనివాళ్ళు కూడా ఉన్నారు. విధికుడు అనే తోలు పనివాడు పూర్ణఘటం చెక్కిన పలక దానం చేశాడని శాసనం ఉంది. పాత్రలో అన్నం పెట్టిన చేతులు కూడా ఇలాంటివాళ్ళవే అయ్యుంటాయి.

ఎనిమిదింటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆఖరిది. నీళ్ళు వడకట్టే గుడ్డ. పాళీలో 'పరిస్సావనం'. మొదట దాని ఉద్దేశం ఆరోగ్యం కాదు, నీళ్ళల్లోని చిన్న చిన్న ప్రాణుల్ని మింగి చంపకూడదని. కారణం ఏదైనా, వడకట్టిన నీళ్ళు తాగే అలవాటు వల్ల నడిచేవాడికే లాభం. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన ఇత్సింగ్ (671లో ఓడెక్కి 695లో తిరిగి వెళ్ళాడు) తన పుస్తకంలో ఈ గుడ్డ గురించి ఎంత వివరంగా రాశాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎలాంటి బట్ట వాడాలి, ఎలా కట్టాలి, పట్టుబడిన పురుగుల్ని మళ్ళీ నీళ్ళలోకి ఎలా వదలాలి, అన్నీ. ఆయన చెప్పిన భిక్షువుల జాబితాలో వస్తువులు ఆరే. సూదీ కత్తీ లేవు, కూర్చునే చాప చేరింది. వడకట్టే గుడ్డ మాత్రం అందులోనూ ఉంది.

ఈ గుడ్డ గురించి వినయపిటకంలో ఒక చిన్న కథ ఉంది. కోసల దేశంలో ఇద్దరు భిక్షువులు కలిసి దారి నడుస్తున్నారు. ఒకడు చేయరాని పని ఏదో చేశాడు. రెండోవాడు తప్పు కదా అన్నాడు. మొదటివాడు అది మనసులో పెట్టుకున్నాడు. కాసేపటికి రెండోవాడికి విపరీతంగా దాహం వేసింది. అతని దగ్గర గుడ్డ లేదు. "నీ గుడ్డ ఇయ్యవయ్యా, నీళ్ళు తాగుతాను" అని అడిగాడు. మొదటివాడు ఇవ్వలేదు. వడకట్టకుండా తాగడం నియమం కాదు కాబట్టి అతను తాగలేదు. దాహంతో చచ్చిపోయాడు.

సంగతి బుద్ధుడి దాకా వెళ్ళింది. నిలదీశాక ఆయన పెట్టిన నియమాలు ఇవి. దారిలో తోటివాడు అడిగితే గుడ్డ ఇవ్వకుండా ఉండకూడదు. గుడ్డ లేకుండా ఎవరూ ప్రయాణం కట్టకూడదు. ఒకవేళ గుడ్డ లేకపోతే, పైబట్ట చెంగుతో వడకట్టుకుంటానని ముందే అనుకుని బయల్దేరాలి.

మా వృత్తిలో సర్వరు కూలిపోతే మర్నాడు కూర్చుని ఎందుకు కూలింది, మళ్ళీ కూలకుండా ఏం చేయాలి అని రాసుకుంటాం. పోస్ట్‌మార్టమ్ అనే అంటాం. ఇది అచ్చంగా అదే! మనిషి పోయాక వచ్చిన నియమం. అందులో వస్తువు తప్పనిసరి చేయడం ఉంది, వస్తువు లేనప్పుడు దేంతో సరిపెట్టుకోవాలో ఉంది, పక్కవాడు అడిగితే ఇచ్చి తీరాలన్నది కూడా ఉంది. సియాటిల్ జాబితాలో మొదటి రెండూ దొరుకుతాయి. మూడోది దొరకదు. ప్రతివాడూ తన పదీ తనే మోసుకోవాలన్నది ఆ జాబితా పద్ధతి. నిజానికి ఆ కథలో చనిపోయినతను నీళ్ళు లేక చనిపోలేదు. పక్కనున్నవాడు ఇవ్వక చనిపోయాడు.

ధాన్యకటకానికి నడిచి వచ్చినవాళ్ళలో అందరికీ తెలిసిన పేరు హ్యూయన్‌త్సాంగ్. 629 ప్రాంతంలో చైనాలో బయల్దేరి, 639 ప్రాంతంలో మన వైపు వచ్చాడు. ఇక్కడి పూర్వశైల, అవరశైల విహారాల గురించి రాశాడు. కానీ ఆయన ఇక్కడి దాకా రాగలగడమే ఒక విశేషం. ప్రయాణం మొదట్లో ఎడారిలో ఒక్కడే గుర్రంతో వెళ్తూ, నీళ్ళ తోలుసంచి ఎత్తి తాగబోతే చెయ్యి జారి నీళ్ళన్నీ ఒలికిపోయాయని ఆయన శిష్యుడు రాసిన జీవితచరిత్ర చెబుతుంది. ఎన్నో రోజుల దారికి సరిపడా నీళ్ళు ఒక్క క్షణంలో ఇసకలో ఇంకిపోయాయి. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్క నీరు లేకుండా పడి లేచి వెళ్ళాడట. చివరికి గుర్రమే వాసన పట్టి నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. నీళ్ళు తీసుకెళ్ళడం ఒక్కటే చాలదు, ఒకే సంచిలో పెట్టకూడదని దీన్ని బట్టి తెలుస్తోంది. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే ఏమిటో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు :)

ఇక నా అసలు వాదనకి ఆధారం చెప్పుల దగ్గర దొరికింది. బౌద్ధ సంఘంలో మొదట ఒకే పొర అట్ట ఉన్న చెప్పులకే అనుమతి. కొత్తగా నాలుగు పొరల చెప్పులు కుట్టించుకోవడం విలాసం. కానీ అవంతి-దక్షిణాపథం నుంచి మహాకాత్యాయనుడు ఒక విన్నపం పంపించాడు. మా వైపు నేల నల్లది, గరుకైనది, పశువుల డెక్కలు తొక్కి గట్టిపడి ముళ్ళలా గుచ్చుకుంటుంది, ఒంటి పొర చెప్పులతో నడవలేం అని. బుద్ధుడు ఒప్పుకున్నాడు. ఆ ప్రాంతాల్లో పొరలు పొరలుగా కుట్టిన చెప్పులు తొడుక్కోవచ్చన్నాడు. అదే విన్నపంలో, అక్కడివాళ్ళకి స్నానం ముఖ్యం కాబట్టి మాటిమాటికీ స్నానం చేయడానికీ అనుమతి దొరికింది.

అవంతి అంటే ఉజ్జయిని వైపు. గుంటూరు కాదు. కానీ ఆ నేల వర్ణన చదివి మన నల్లరేగడి గుర్తుకు రాని గుంటూరు వాడు ఉండడు. వానలో బంకలా కాలికి అంటుకుని, ఎండలో నెరెలు విచ్చి, గొడ్లు తొక్కిన చోట గట్టిపడి రాయిలా తగిలే నేల. పత్తి చేలో చెప్పుల్లేకుండా పది అడుగులు వేసినవాళ్ళని అడగండి, చెబుతారు. అంత కట్టుదిట్టమైన సంఘం కూడా నేలని బట్టి జాబితా మార్చుకుంది. మరి సియాటిల్ జాబితాని అక్షరం మార్చకుండా మనమెందుకు మోస్తున్నాం?

మారాల్సింది నేలొక్కటే కాదు, దారిలో ఎవరున్నారు అన్నది కూడా. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. సుమారు వందమంది పరివారం, పల్లకీ, బోయీలు, డేరాలు. తిరుగుప్రయాణంలో తూర్పు తీరం వెంట వచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయ్యింది. వందమంది మోసేవాళ్ళున్నా, మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నవి చూడండి. ఇక్కడ నీళ్ళు బాగున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా. తిరిగి తిరిగి అవే మూడు నాలుగు విషయాలు. కొండవీడు కట్టిన రెడ్డిరాజులు ఇంకో పద్ధతి పట్టారు. మోసుకెళ్ళే బదులు కొండమీదే చెరువులు తవ్వించారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆ దుర్గాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. అలాంటి ముట్టడిలో గోడలెంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యం. ఇప్పుడా కొండ పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. అయినా కాలిబాటన ఎక్కేవాడికి పైన చెరువు కనిపిస్తే కలిగే ధీమా వేరు. చెరువు నీళ్ళు అలాగే తాగమని కాదు లెండి, భిక్షువుల గుడ్డ గుర్తుంది కదా. వడకట్టి మరిగించుకోవాలి.

అసలు విషయానికొస్తే, మన వైపు నడిచేవాణ్ణి చంపేది ఎండ. రెంటచింతల పేరు వేసవి వార్తల్లో వినని తెలుగువాడు ఉండడు. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. 2015 మే నెలలో, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్ళీ వెయ్యి దాటింది. వాళ్ళు కొండలెక్కబోయి పోయినవాళ్ళు కాదు. ఎక్కువమంది ముసలివాళ్ళు, కూలిపనికి వెళ్ళక తప్పనివాళ్ళు. ఆ ఎండలోకి సరదా కోసం వెళ్ళే మనం, తప్పక వెళ్ళేవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మిరపకోతలకి వెళ్ళే మనిషి ఏం తీసుకెళ్తుందో చూడండి. తలగుడ్డ, సద్ది మూట, మజ్జిగ, నీళ్ళ సీసా, నంజుకోవడానికి ఉల్లిపాయో పచ్చడో. తెల్లారకముందే బయల్దేరుతుంది. ఎండ నెత్తికెక్కేసరికి చెట్టు కిందికి చేరుతుంది. తలగుడ్డ ఒక్కటే ఎన్ని పనులు చేస్తుందో లెక్కపెట్టండి. ఎండకి నీడ, చెమటకి తువ్వాలు, బరువుకి చుట్టకుదురు, దెబ్బ తగిలితే కట్టు, తడిపి వేసుకుంటే చలవ. మజ్జిగలో ఉప్పు సంగతి మన అమ్మమ్మలకి ఎప్పుడో తెలుసు. వడగాడ్పుల కాలానికి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చే సలహాల్లో ఓఆర్‌ఎస్ పొట్లంతో పాటు మజ్జిగ, గంజి, నిమ్మరసం కూడా ఉంటాయి.

ఆ ఓఆర్‌ఎస్ పొట్లం కథ కూడా చెప్పుకోవాలి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైను సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించి చావుల్ని బాగా తగ్గించాడు. ఉప్పుతో పాటు చక్కెర ఉంటే పేగు రెండింటినీ కలిపి లాక్కుంటుంది, వాటి వెంట నీళ్ళూ వెళ్తాయి. ఉట్టి నీళ్ళకీ దీనికీ తేడా అదే. 1978లో 'లాన్సెట్' పత్రిక దీన్ని ఆ శతాబ్దంలోనే అత్యంత ముఖ్యమైన వైద్యపు ముందడుగు కాగలదని రాసింది. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు మోతాదు మించకూడదు.

పాముల సంగతి. కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. మన రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. ఆ రోజుల నుంచి మొన్నమొన్నటి దాకా ప్రయాణపు సామాన్లలో పాముకాటు కోసి రక్తం పీల్చడానికి బ్లేడు, గట్టిగా కట్టడానికి తాడు ఉండేవి. ఇప్పుడు రెండూ వద్దంటున్నారు. కోస్తే రక్తపింజరి కాటుకి రక్తం ఆగదు. గట్టిగా కడితే కాలే పోవచ్చు. కాలు కదలకుండా ఉంచి, ఉంగరాలూ పట్టీలూ తీసేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి త్వరగా చేర్చాలి. అంటే ఇక్కడ సంచిలో కావలసింది మందు కాదు. ముందు జాగ్రత్తకి చేతికర్ర, గట్టి బూట్లు, టార్చి. తర్వాత జాగ్రత్తకి బండి ఎక్కడ ఆగుతుందో తెలిసి ఉండటం. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైంది. అది మన కాలపు భిక్షాపాత్ర లాంటిది. అవతల ఎవరో ఉన్నారన్న నమ్మకం మీద నడుస్తుంది. కాకపోతే కొండ వెనక సిగ్నలు ఉండదు. కాబట్టి ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళడం కూడా సామానుకిందే లెక్క.

నన్నడిగితే మన మైదానాల పక్క కొండలకి జాబితా ఇలా ఉండాలి. మొట్టమొదట నీళ్ళు, గంట నడకకి మనిషికి అర లీటరుకి తక్కువ కాకుండా, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ, కనీసం రెండు సీసాల్లో. తర్వాత ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. పెద్ద నూలు తువ్వాలు. పొరలున్న చెప్పులో బూట్లో. చేతికర్ర. టార్చి. సూదీ దారం, ముల్లు తీయడానికి పిన్నీసు. గాయానికి కట్టుగుడ్డ. సద్ది. చార్జింగున్న ఫోను. అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలేయండి. మార్చి, ఏప్రిల్‌లో ఎండుగడ్డి కమ్మిన కొండ మీద అది మిమ్మల్ని కాపాడేదానికన్నా కొండని తగలబెట్టే ప్రమాదమే ఎక్కువ. ఇంకోటి, పదకొండు కాకముందే దిగిపోయేలా బయల్దేరండి.

ఇవన్నీ ఉన్నా, గుంపులో వెనకబడ్డవాడు మాట తడబడుతూ, తూలుతూ నడుస్తున్నాడంటే అది అలసట అనుకుని ముందుకి సాగిపోకండి. నీడలో కూచోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ 108కి చెప్పండి. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి. ఆ పోసే నీళ్ళు మీ సీసాలోవి కావచ్చు, మీరు తిరిగి రావడానికి దాచుకున్నవీ కావచ్చు. గుంపుగా వెళ్ళినప్పుడు నీళ్ళు ఎవరి సంచిలో ఉన్నా అందరివీ అని కొండ కింద ఉండగానే అందరూ ఒకమాట అనుకుని ఎక్కడం మంచిది. దాహం వేశాక, చిరాకులు పెరిగాక ఆ మాట అనుకోవడం కష్టం. కోసల దారిలో ఆ ఇద్దరికీ జరిగింది అదే కదా.